ఆవిడగారితో భోజనం

ఆసుపత్రి నుంచి అమ్మాయిని తెచ్చుకున్నాక కంచాలు మూడే పెడుతున్నాను గాని, భోజనానికి కూర్చునేది నలుగురం. మావారు, నేను, అమ్మాయి, ఆవిడగారు. ఆవిడగారంటే జబ్బు. ఆ పేరు నేను పెట్టిందే. అద్దె కట్టదు, గిన్నె కడగదు, ఎవరి ముద్ద ఎంతుండాలో మాత్రం తనే నిర్ణయిస్తుంది. అలాంటి మనిషిని మర్యాదగా పిలవడం తప్ప ఏం చేయగలం?

డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇది మొండితనం కాదు, సోకూ కాదు. పస్తులుంటే ఒంటితో పాటు బుర్ర కూడా నీరసిస్తుంది, అప్పుడు జబ్బు పిల్ల గొంతుతోనే మాట్లాడుతుంది. దాంతో వాదించకండి, బేరమాడకండి, ప్రస్తుతానికి అన్నమే మందు అంది. తిన్నాక కాసేపు పక్కనే కూర్చోవాలట, తిన్నది కక్కేసుకోకుండా బాత్రూములోకి పోనివ్వకూడదట. బరువు మళ్ళీ తగ్గితే మాత్రం వార్డులో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనంది. రేపే తూకం.

ఇంతదాకా ఎలా రానిచ్చారని బంధువులంతా అడిగారు. మావారు దర్జీ. వచ్చిన చిక్కంతా అదే. ఇంకో ఇంట్లోనైతే బట్టలు వేలాడి గుట్టు బయటపెట్టేవి. మా ఇంట్లో పిల్ల నడుం వదులైందనడమే ఆలస్యం, ఆయన మిషను ముందు కూర్చునేవారు. ఎందుకు వదులైందని గుడ్డని అడిగే అలవాటు ఆయనకి లేదు. ఒళ్ళు తరిగినకొద్దీ బట్టా తరిగింది. చూసినవాళ్ళు కొలత భలే కుదిరిందని మెచ్చుకున్నారు కూడా. ఆసుపత్రిలో నర్సు స్కర్టు తిరగేస్తే లోపల కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన మరో కుట్టు. ఒక్కటీ వంకర పోలేదు.

ఆ రోజే ఆయన ఇంట్లో మిషను మీద దుప్పటి కప్పేశారు. అయినా నేను వంటింట్లో ఉంటే ముందుగదిలోంచి అది నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు.

ఇవాళ మధ్యాహ్నం అన్నం, కూర, ఉడికించిన గుడ్డు పెట్టాను. కడుపు నిండుగా ఉందంది. గుడ్డు వాసనంది. నేను కంచం ఇంకాస్త దగ్గరికి జరిపాను. అప్పుడు మావారి వైపు తిరిగింది.

"నువ్వే కదా నాన్నా కుట్టింది. అప్పుడు బాగుందన్నావు. ఇప్పుడేమో తినమంటున్నావు."

గొంతు పిల్లదే. ఆ చూపు మాత్రం నేను కన్నది కాదు.

ఆయన ఏడిస్తే ఆవిడగారు గెలుస్తుంది. కోప్పడితే ఇంకా బాగా గెలుస్తుంది. ఆయన రెండూ చేయలేదు.

"అవునమ్మా, నేనే కుట్టాను. నీకే అనుకున్నాను. ఎవరి కొలతకి కుడుతున్నానో చూసుకోలేదు. ఇక ఆవిడకి కుట్టను. నువ్వు తిను తల్లీ."

తర్వాత పిల్ల తల వంచుకునే, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు, మెల్లగా అంది.

"అమ్మా, అది వింటోంది. నువ్వేదైనా మాట్లాడు. ఆపకు."

మాట్లాడమంటే నాకు చేతకానిదా? పై వాటా పెద్దాయన కట్టుడు పళ్ళు పోయాయని కోడలి మీద విరుచుకుపడి, తీరా అవి నోట్లోనే ఉన్న సంగతి ఎత్తుకున్నాను. ముద్ద లేచింది. నేను ఊపిరి తీసుకుంటే చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. అందుకని ఊపిరి మానుకున్నాను. నిజంగా జరిగినదంతా అయిపోయేసరికి కంచంలో ఇంకా సగముంది. పళ్ళ కోసం పోలీసుల్ని రప్పించాను. నా గొంతు బొంగురుపోయింది.

పూటకి నాలుగు మాటలు మాట్లాడని మావారు అందుకున్నారు. "ఆ పోలీసుకీ పళ్ళు లేవట" అన్నారు.

కంచం ఖాళీ అయ్యింది. మేం ఆపలేదు. తిన్నాక కూర్చునే ఆ కాసేపే ఆవిడగారికి ఇష్టమైన వేళ. ఇద్దరం వంతులేసుకుని అబద్ధాలు చెబుతున్నాం. పిల్ల మా మధ్య కూర్చుని, నా కొంగు పిడికిట్లో పట్టుకుని, బాత్రూము తలుపు వైపే చూస్తోంది. లేవలేదు.