ఓర్విల్ అడిగిన ప్రశ్న

ఓర్విల్ స్టెన్సన్‌ను నేను తిట్టని తిట్టు లేదు. మా ప్రాంతం నుంచి రాష్ట్ర శాసనసభకు వెళ్లిన పశువుల రైతు. చిన్న వయసులోనే భార్య పోయింది, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆడవాళ్ల హక్కుల సంఘం తరఫున ఏటా ఆయన గది ముందు పడిగాపులు కాసేదాన్ని. నా అల్లం కుకీలు శుభ్రంగా తినేవాడు, ఓటు మాత్రం అవతలివాళ్లకే వేసేవాడు.

ఆ ఫిబ్రవరిలో వచ్చిన బిల్లు మరీ దారుణం. గర్భం పోయినప్పుడు ఇచ్చే మాత్రలు చిన్న ఊళ్ల క్లినిక్కులు ఉంచుకోకూడదట, పెద్దాసుపత్రికే వెళ్లాలట. మాకు పెద్దాసుపత్రి మూడు గంటల దారి, అదీ మంచు కరుణిస్తే.

ఆ మాత్రలతోనే బతికి బయటపడ్డ కోరిన్ అనే పశువుల రైతును సాక్ష్యం చెప్పమని బతిమాలాను. ఆవులు ఈనే రోజులు. దూడలకు సీసాతో పాలు పడుతూ, చెప్పబోయే మాటలు వాటికే వినిపించుకుంది పాపం.

తీరా బిల్లును విచారించే శాసనసభ కమిటీ ముందు మా వంతు వచ్చేసరికి అధ్యక్షురాలు గడియారం చూసింది.

"టైమైపోయిందండీ. మిగిలినవాళ్లు పేరు, ఊరు, అనుకూలమో వ్యతిరేకమో చెప్పి వెళ్లండి, చాలు."

కోరిన్ ముఖం పాలిపోయింది. "ఈ మాత్రానికేనా మార్లిస్ గారూ, నన్నింత దూరం లాక్కొచ్చారు?"

"అదైనా చెప్పిరా తల్లీ," అన్నాను. అధ్యక్షురాలి మీద పళ్లు నూరుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

"కోరిన్ హాల్వర్సన్. ఎల్క్ ఫోర్క్. వ్యతిరేకం." వచ్చి కూలబడింది.

తర్వాత సభ్యులు సాక్షులను ప్రశ్నలడుగుతారు. ఆ జవాబులకు గడియారం అడ్డు రాదు. మావైపు సభ్యులు డాక్టర్లనే అడుగుతూ కూర్చున్నారు. అంతలో ఆ కమిటీలోనే ఉన్న ఓర్విల్ మైకు ముందుకు లాక్కున్నాడు. ఆయన ప్రశ్న అడగడం నేనెన్నడూ చూడలేదు. పిల్లను నిలబెట్టి కడిగేస్తాడని భయపడ్డాను.

"కోరిన్ అమ్మా, ఆవులు ఈనే రోజుల్లో మందను వదిలి ఎవరూ గడప దాటరు. నువ్వొచ్చావు. ఏం చెబుదామని వచ్చావో చెప్పు. తొందరేం లేదు."

కోరిన్ చెప్పింది. మంచుతో రోడ్డు మూసుకుపోవడం, ఇంట్లో తువ్వాళ్లన్నీ నెత్తురుతో తడిసిపోవడం, క్లినిక్కు నర్సు ట్రాక్టరెక్కి మాత్రలు తేవడం.

బిల్లు ఒక్క ఓటు తేడాతో కమిటీలోనే వీగిపోయింది. ఆ ఓటు ఓర్విల్‌ది.

బయట నడవాలో ఆయన చెయ్యి పట్టుకున్నాను. కన్నీళ్లు ఆగలేదు.

"కుకీలేవి?" అన్నాడు.

"మిమ్మల్ని తిట్టుకుంటూ మర్చిపోయానండీ."

నవ్వాడు. టోపీని చేతుల్లో తిప్పాడు.

"మా ఆవిడ కూడా రోడ్డు తెరుస్తారనే ఎదురుచూసింది, మార్లిస్. అప్పటికి మనూళ్లో క్లినిక్కు లేదు."

ఆ తర్వాత కూడా ఆయన చాలాసార్లు మాకు వ్యతిరేకంగానే ఓటేశాడు. వేసినప్పుడల్లా తిట్టాను. కుకీలు మాత్రం ఒక్కసారీ మర్చిపోలేదు.