ఎడమ జలుబు

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఖ్వాంగ్ అక్క ముందున్న ఎర్ర ట్రే నిండిపోయింది. ఆమె పక్క బల్ల దగ్గర ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. అలా నిండటం ఎప్పుడూ చూడలేదు.

పనికిరాని ఇయర్‌ఫోన్లు ఎర్ర ట్రేలోకి వెళతాయి. రోజు మొత్తం మీద ఇరవయ్యో ముప్ఫయ్యో జతలు పడతాయి, అంతే. ఆ రోజు భోజనం చేసి వచ్చి కూర్చున్నది మొదలు రెండు వందలు దాటాయి. ఒక్కొక్క జతనీ చెవుల్లో పెట్టుకోవటం, మొహం చిట్లించటం, తీసి పడేయటం.

"ఎడమ జలుబు," అంటోంది. "ఇదీ ఎడమ జలుబే. ఇదీ అంతే."

డోంగ్వాన్ పట్నంలో మా ఫ్యాక్టరీ చిన్నదే. మేం చేసే ఇయర్‌ఫోన్లు చవకవి. రెండు గిన్నెల బియ్యపు నూడుల్స్ ధరకి ఒక జత వస్తుంది. వినికిడి గదిలో పదకొండు మంది ఆడవాళ్ళం. తయారై వచ్చిన ప్రతి జతలోనూ, గుమ్మెట లాంటి మోత నుంచి దోమ కూత దాకా సన్నబడుతూ పోయే ఒక ధ్వనిని వినాలి. తర్వాత ఒక పాట ముక్క వినాలి. తప్పులకి మేం పెట్టుకున్న పేర్లున్నాయి. లోపల జిగురు అంటుకుని జుయ్యిమంటే 'ఈగ'. ఒక పక్క గట్టిగా, ఒక పక్క నెమ్మదిగా పలికితే 'కుంటిది'. పైస్వరం మూసుకుపోయి, ముక్కు బిగదీసుకుని పాడినట్టుంటే 'జలుబు'.

ఈ పేర్లన్నీ ఖ్వాంగ్ అక్క పెట్టినవే. హునాన్ నుంచి వచ్చిన మనిషి, నలభై ఆరేళ్ళు, నోరు కారం. కానీ ఆమె చెవి మీద ఎవరికీ అనుమానం లేదు. పై అంతస్తులో కొలిచే యంత్రం ఒకటుంది. యంత్రం బాగుందన్నదాన్ని అక్క బాగాలేదని తీసి పక్కన పెడితే, విప్పి చూసినప్పుడు అక్కదే నిజమయ్యేది. "చవకది కదా, ఎలా ఉంటే ఏం," అని ఎవరైనా అంటే విరుచుకుపడేది. "ఇది కొనేవాడికి రెండో జత ఉండదే! ఉన్న ఒక్కటీ వాడి చెవిలో గీపెడితే ఎవడిని తిట్టుకుంటాడు? నిన్నే!"

అందుకే ఆ రోజు ఎర్ర ట్రే నిండగానే లైను ఆపేశారు. శుక్రవారం సరుకు వెళ్ళాలి. జిగురు పెట్టే రువాన్ మీద అరిచారు. ఆమె ఏడుస్తూ తన డబ్బా పట్టుకొచ్చి, "నిన్నటి జిగురే, నిన్నటి చెయ్యే, నేనేం చేశాను?" అంది. యజమాని పాంగ్ మెట్లు దిగి పరుగున వచ్చాడు. ఆయనా, ఖ్వాంగ్ అక్కా ఇరవై ఏళ్ళ కింద ఇంకో ఫ్యాక్టరీలో పక్కపక్కన కూర్చుని విన్నవాళ్ళే.

"ఖ్వాంగ్, యాభై జతలు యంత్రం మీద పెట్టించాను. అన్నీ బాగానే ఉన్నాయి."

"ఆ పెట్టెకి చెవులుంటే నన్నెందుకు పెట్టుకున్నావు అన్నా?"

"త్సైపింగ్, నువ్వు విను," అన్నాడు నా వైపు తిరిగి.

ఎర్ర ట్రేలోంచి నాలుగు జతలు తీసి విన్నాను. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ఇంకో నాలుగు విన్నాను. పాటలో తీగ మీటితే దాని మీది దుమ్ము రాలటం కూడా వినపడేంత శుభ్రం, రెండు పక్కలా. ఏం చెప్పను? ఆమె నాకు పని నేర్పిన మనిషి. గదిలో అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"నాకు... తేడా తెలియట్లేదు సారూ," అన్నాను.

"నీకు తెలియకపోతే కడుపుకి పెట్టే అన్నం చెవికి పెట్టుకో," అంది అక్క. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆమె దగ్గరికి వంగి మెల్లగా అన్నాను. "అక్కా, ఒక్కసారి అటుదిటు మార్చి పెట్టుకో. ఎడమది కుడి చెవిలో."

"ఎందుకు?"

"ఊరికే. నా కోసం."

గొణుక్కుంటూ మార్చి పెట్టుకుంది. మీట నొక్కింది. ధ్వని మొదలై, పైకి పోయి, ఆగింది. ఆమె మొహం కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఆ జత తీసేసి ఇంకోటి మార్చి పెట్టుకుంది. మూడోది. నాలుగోది తీస్తుంటే ఇయర్‌ఫోన్ జారి బల్ల మీద పడింది.

జలుబు ఇయర్‌ఫోన్‌తో పాటు మారలేదు. ఏ పక్కది పెట్టినా, ఎడమ చెవిలో పెట్టిందే మూసుకుపోతోంది.

"ఒసే," అంది నాతో. ఎప్పుడూ లేనంత చిన్న గొంతు. "నా ఎడమ చెవి దగ్గర వేళ్ళు రుద్దు."

రుద్దాను.

"రుద్దవే!"

"రుద్దుతున్నాను అక్కా."

పాంగ్ ఎర్ర ట్రేని పక్కకి జరిపాడు. రువాన్ చేతిలో జిగురు డబ్బా అలాగే ఉంది.

పొద్దున స్నానం చేశాక చెవిలో నీళ్ళు పోయినట్టుందనుకుందట అక్క. మార్చి నెల. గోడలకి చెమటలు పట్టే రోజులు, అన్నీ తడితడిగానే ఉంటాయి కదా అని ఊరుకుందట. "వేడినీళ్ళు తాగి పడుకుంటే పోతుంది, రేపు చూద్దాం," అంది. రువాన్ కళ్ళు తుడుచుకుంటూనే, "వేడినీళ్ళతో పోయేదైతే డాక్టర్లంతా టీ కొట్లు పెట్టుకునేవాళ్ళు, లే!" అని చెయ్యి పట్టి లేపింది. నా బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయాను. దారంతా వెనక నుంచి నా చొక్కా గట్టిగా పట్టుకునే ఉంది.

ఆసుపత్రిలో ఆమెను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. నేను బయట డాక్టరు పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మ చిన్నది, నా వయసే ఉంటుంది. ఆమె శబ్దం పంపినప్పుడల్లా బల్ల మీద ఒక పచ్చదీపం వెలుగుతుంది.

కుడి చెవి అయింది. ఎడమ మొదలైంది. దీపం వెలిగింది. అక్క వేలు కదల్లేదు. ఇంకాస్త పెంచారు. దీపం వెలిగింది, వేలు కదల్లేదు. ఇంకా పెంచారు. అక్క శ్రద్ధగా, తల కాస్త వంచి, పనిలో కూర్చునేటట్టే కూర్చుని ఎదురుచూస్తోంది. దీపం వెలుగుతోంది, ఆరుతోంది. నేను గోడ వైపు తిరిగిపోయాను.

బయటికి వచ్చాక అక్క అంది: "ఆ యంత్రం బాగాలేదమ్మా. చాలాసేపు ఏ శబ్దమూ పెట్టనేలేదు."

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, చెవిలో నరం ఉన్నట్టుండి దెబ్బ తినటం ఇలాగే ఉంటుందనీ, ఎందుకు వస్తుందో చాలాసార్లు తెలియదనీ చెప్పింది. "మొదటి రోజే వచ్చారు, మంచి పని చేశారు. మందులు ఇవాళే మొదలుపెడతాం. ఎంత తిరిగొస్తుందో మాత్రం మాట ఇవ్వలేను." తర్వాత పరీక్ష కాగితం మీద రెండో గీత చూపించింది. "ఇది మీ కుడి చెవి. ఇక్కడ గుంట చూడండి. ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ళ తరబడిది. పెద్ద శబ్దాల మధ్య పని చేసేవాళ్ళకి సరిగ్గా ఇక్కడే పడుతుంది. మీరేం పని చేస్తారు?"

"వింటాను," అంది అక్క.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "మీరు?"

"నేనూ అంతే."

"అయితే మీరూ కూర్చోండి."

నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. తెల్లారకముందు వీధి చివర పాలబండి వినపడుతుంది నాకు. నవ్వుకుంటూ వెళ్ళి కూర్చున్నాను. వచ్చిన ప్రతి శబ్దానికీ నొక్కాను. కనీసం అలా అనుకున్నాను. కాగితం బయటికి వచ్చాక చూస్తే అక్క కుడి చెవిలో ఉన్న గుంటే నాకు రెండు చెవుల్లోనూ ఉంది. అంత లోతు లేదు, అంతే. అదే చోట ఉంది.

తన ఎడమ చెవి పోయిందన్నప్పుడు కూడా ఏడవని అక్క, నా కాగితం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే కదే," అంది. "ఈగ దొరకాలంటే శబ్దం పెంచమని నీకు చెప్పింది నేనే. నువ్వు చేరిన రోజున తగ్గించి వింటుంటే నెత్తిన మొట్టాను. మొట్టి పెంచాను."

"నీకు మాత్రం ఏం తెలుసక్కా."

"చెవి నా పనే! నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఆమెను చేర్చుకున్నారు. నేను తిరిగివచ్చి మర్నాడు పొద్దున గదిలో కాగితం అందరికీ చూపించాను. ఆ ఆదివారం మిగిలిన తొమ్మిది మందీ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు, పెళ్ళికి వెళ్ళినట్టు గోల గోలగా. మధ్యాహ్నం తిరిగివచ్చినప్పుడు ఆ గోల లేదు. వాళ్ళలో ఐదుగురికి గుంట ఉంది. అక్కా నేనూ కలిపి పదకొండు మందిలో ఏడుగురం. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి నాకంటే లోతుగా ఉంది.

సోమవారం మేం ఎవరం ఇయర్‌ఫోన్ ముట్టుకోలేదు. పాంగ్ వచ్చాడు.

"చెవులు చూపించుకోవటం తప్పని నేననట్లేదు. శుక్రవారం సరుకు ఇప్పటికే ఆగిపోయింది. వినండమ్మా, రెండ్రోజులు వినండి, తర్వాత మాట్లాడుకుందాం."

"ఎంత శబ్దంలో వినమంటారు సారూ?" అన్నాను.

"ఎప్పుడూ వినేదే. అందులో ఏముంది? ఇరవై ఏళ్ళు విన్నాను నేను. నాకేమైంది?"

"ఏమీ కాలేదని మీకెలా తెలుసు?" అంది రువాన్ తలుపు దగ్గర నుంచి. "మీ చెవులు అంత మంచివైతే వెళ్ళి కాగితం తెచ్చుకోండి. బంగారు కాగితమైతే గోడకి తగిలిద్దాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. పాంగ్ చెవులు ఎర్రబడ్డాయి. కోపంగానే వెళ్ళాడు. రెండు గంటల తర్వాత కారు వచ్చి ఆగింది. ఆయన దిగటానికి చాలాసేపు పట్టింది.

కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్నది గుంట కాదు. గీత సగం దూరం బాగానే వచ్చి కొండ అంచు నుంచి కింద పడిపోయింది. పైస్వరాలు రెండు చెవుల్లోనూ దాదాపు లేవు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఏ కొత్త ఇయర్‌ఫోన్ చేసినా ధ్వని ఎలా ఉండాలో ఆఖరి మాట చెప్పేది ఆయనే. ప్రతిసారీ, "మెరుపు చాలలేదు, పైన ఇంకా పెంచండి," అనేవాడు. మేం పెంచేవాళ్ళం. కొన్నవాళ్ళు రాసేవాళ్ళు, 'స' పలికితే సూది గుచ్చినట్టుందని, అరగంటకే తలనొప్పి వస్తోందని. చవకది కదా, ఇంతేలే అని మేమే అనుకునేవాళ్ళం. సరుకు చవకైనందుకు కాదు అది. తనకి వినిపించనిదాన్ని వినాలని ఒక మనిషి పెంచుకుంటూ పోయాడు. అది ఎక్కడెక్కడో ఎవరెవరి చెవుల్లోకో వెళ్ళింది.

"ఎన్ని వెళ్ళాయి సారూ?" అని అడిగాను.

"లక్షలు," అన్నాడు. అక్కడే, అక్క ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. "డాక్టరు శబ్దం పెట్టానంటుంది. నాకేమో గది నిశ్శబ్దంగా ఉంది. అబద్ధమాడుతోందనుకున్నాను."

ఆ సరుకు ఆ వారం కూడా వెళ్ళలేదు. పై అంతస్తు యంత్రాన్ని కిందికి దింపారు. ఇంకో రెండు వచ్చాయి. పైకి పాకే ధ్వనిని ఇప్పుడు అవే వింటాయి. మేం పాట ముక్కలు మాత్రమే వింటాం. శబ్దం మీట ఒక గీత దాటి తిరగకుండా మేకు కొట్టించారు. ఒక గంట వింటే ఇంకో గంట ఇయర్‌ఫోన్లకి మూతలు బిగించే పని. కొత్త ఇయర్‌ఫోన్ ధ్వని ఎలా ఉండాలో చెప్పే పని, గుంటలు లేని నలుగురికి ఇచ్చారు. వాళ్ళు మొదట చేసిన పని పైస్వరం తగ్గించటం. పాంగ్ తెప్పించుకుని విని, "నాకేమీ వినపడట్లేదు," అని, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

అక్క ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి వచ్చింది. ఎడమ చెవి సగం తిరిగి వచ్చింది. మిగతా సగంలో టీ కెటిలు మరుగుతున్నట్టు ఎప్పుడూ ఒక కూత ఉంటుందట. వినే బల్ల మీద ఇక కూర్చోనంది. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పుతోంది. మొదటి రోజు మీట దగ్గరికి ఒక పిల్ల చెయ్యి చాపితే, ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ పిల్ల బెదిరిపోయింది.

నిన్న సాయంత్రం ఇద్దరం రోడ్డు దాటుతున్నాం. ఎడమ నుంచి బండి హారన్ కొట్టుకుంటూ వస్తోంది. అక్క కుడి వైపు చూసి ఆగింది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. బండివాడు తిట్టి పోయాడు.

"ఏమన్నాడే?" అంది.

"ఏమీ లేదక్కా."

"ఏమీ లేకపోతే నీ మొహం అలా ఉందేం?" అంటూ నన్ను చుట్టి వచ్చి నా ఎడమ పక్కకి మారింది, కుడి చెవి నా వైపు ఉండేలా. "ఇప్పుడు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. వాడన్న మాటకి రెట్టింపు మాట ఒకటి, ఎప్పుడో వెళ్ళిపోయిన బండి మీదికి, రోడ్డంతా వినపడేలా వదిలింది.