గెలిచినవాళ్ళకే గార్డు

పనిచేసే అన్నలూ అక్కలూ, చదువుకునే పిల్లలూ, అడిగారు గనక చెబుతున్నా. మా పొడుగు బాబాయ్ కన్ను పోయింది నా ఎదుటే. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షెడ్డులో పని మాది. పని జోరు మీదుండగా ఆయన గ్రైండర్ మీది, ఇనుము రుద్దే వీల్ ఠప్పున పగిలింది. ఒక ముక్క పైకప్పు రేకుకి తగిలింది, ఇంకోటి ఆయన మొహానికి తగిలింది. చేతిలోంచి జారిన మిషన్ నేల మీద గింగిరాలు కొడుతుంటే నేను పరిగెత్తి స్విచ్ కట్టేశాను. కాంట్రాక్టర్ తీరిగ్గా వచ్చాడు. చెప్పులకి నెత్తురు అంటకుండా పక్కన నిలబడి, "గార్డు ఎవడు తీయమన్నాడు వీణ్ణి?" అన్నాడు.

ఎవడు తీయమన్నాడా! ఒళ్ళు మండిపోయింది నాకు.

గార్డంటే వీల్ చుట్టూ సగం దాకా ఉండే ఇనుప తొడుగు. వీల్ పగిలితే ముక్కలు మన మీదికి రాకుండా ఆపేది అదే. మా షెడ్డులో ఇంతమందిమి ఉంటే, గార్డున్న కొత్త మిషన్ ఒక్కటి, మొహానికి అడ్డుపెట్టుకునే అద్దం మాస్కు ఒక్కటి. ఆ రెండూ, వారంలో ఎవరు ఎక్కువ ఇనుము రుద్దితే వాళ్ళకి. బహుమానమట! ఎక్కువ రుద్దాలంటే పెద్ద వీల్ ఉండాలి. అందుకని పెద్ద మిషన్ మీద అరిగిన వీల్ ఊడదీసి మా చిన్న మిషన్లకి బిగించేవాళ్ళం. గార్డుంటే అది పట్టదు, కాబట్టి గార్డు పీకి పారేసేవాళ్ళం. చిన్న మిషన్ పెద్దదానికన్నా చాలా వేగంగా తిరుగుతుంది. అంత వేగాన్ని ఆ వీల్ తట్టుకోదు, పగులుతుంది. అంటే గార్డు గెలుచుకోడానికి గార్డు పీకేవాళ్ళమన్నమాట. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

మరి గెలిచేదెవరు? మా తోడికోడలు. సొంత మరిది పెళ్ళాం. నేను నేర్పితే మిషన్ పట్టుకున్న మనిషి! కొత్త మిషన్‌కి జోరెక్కువ, ఒకసారి చేతికొస్తే చాలు, మళ్ళీ మళ్ళీ వాళ్ళే గెలుస్తారు. నేనేమో కళ్ళు చికిలించుకుని నిప్పురవ్వల్లో చావాలి, అదేమో అద్దం చాటున హాయిగా రుద్దుకోవాలి. ఇంటికెళ్తే మా అత్త, "చిన్నకోడలి మొహం చూడవే, ఒక్క మచ్చ ఉందా?" అనేది. అన్నం సహించేది కాదు నాకు. కుళ్ళే మరి, దాచడమెందుకు? అందరికీ దాని మీద కుళ్ళే. మేం ఒకరినొకరు చూసి పళ్ళు నూరుకుంటుంటే, కాంట్రాక్టర్ గార్డులు కొనే పని లేకుండా హాయిగా ఉన్నాడు.

బాబాయ్‌ని ఆస్పత్రికి పంపిన సాయంత్రం, షెడ్డు వెనక కుళాయి దగ్గర అందరం చేరాం. వైద్యం ఖర్చుతో తనకి సంబంధం లేదని, తప్పంతా బాబాయ్‌దేనని కాంట్రాక్టర్ అప్పటికే తేల్చేశాడు.

"మాస్కు వంతులవారీగా తిప్పమందాం," అన్నాడు పెయింటర్.

"అయితే మొదటి వంతు నాది," అన్నాడు కటింగ్ మేస్త్రి.

"నీదెందుకయ్యా? నీకంటే ముందొచ్చాను నేను!" అన్నాడు పెయింటర్.

"ఏం, ముందొస్తే కళ్ళు ఎక్కువుంటాయా నీకు?"

బాబాయ్ నెత్తురు ఇంకా ఆరలేదు, అప్పుడే కొట్లాట! నేను మాత్రం తక్కువ తిన్నానా? "అది నోరు విప్పదేం, చూడండి," అన్నాను మా తోడికోడల్ని చూపిస్తూ. "రేపు విచారణకొచ్చే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ముందు బాబాయ్‌దే తప్పని చెబుతుంది. కాంట్రాక్టర్ పిలిచి చెవిలో ఊదాడు."

"పిలిచాడక్కా," అంది అది. "అలా చెబితే కొత్త మిషన్, మాస్కు ఎప్పటికీ నావేనట."

"మహారాణివి కదా, చెప్పు మరి!"

అది భళ్ళున ఏడ్చింది. "నీకేనా కుళ్ళు? మీరంతా కూర్చుని టీ తాగుతారు, నన్ను ఒక్కరైనా పిలుస్తారా? మీ నవ్వులు వినిపిస్తుంటే నాకెంత కడుపు మండేదో నీకు తెలుసా? ఇంట్లో కూడా నాతో మాట్లాడవు."



అప్పుడు లేచాడు వెల్డర్. "విన్నారా? వాడు ఒక మాస్కు కొని మన మధ్య పడేశాడు. దానికోసం మనం కొట్టుకుంటున్నాం. బాబాయ్ కన్ను పోయింది కూడా ఆ పందెంలోనే. పందెం బంద్! ప్రతి మిషన్‌కీ గార్డు, ప్రతి మొహానికీ మాస్కు. చిన్న మిషన్‌కి చిన్న వీలే. కొత్త వీల్ బిగిస్తే దాని ఎదుట నిలబడకుండా కాసేపు ఖాళీగా తిప్పి చూడాలి. పగులున్నది ముట్టుకోవద్దు. ఇవన్నీ అమలయ్యేదాకా, బాబాయ్ వైద్యం భరించేదాకా, స్విచ్ వెయ్యం!"

"వెయ్యం!" అన్నారు అందరూ. అందరికన్నా గట్టిగా అరిచింది మా తోడికోడలే.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "చెప్పమ్మా, గార్డు ఎవరు తీశారు?" అన్నాడు కాంట్రాక్టర్ తేనె పూసిన గొంతుతో.

"బాబాయ్ తీశాడు. కొత్త మిషన్ రాకముందు నేనూ తీశాను. అందరం తీశాం," అంది మా తోడికోడలు. "తీస్తేగానీ గెలవలేని పందెం పెట్టింది ఈయన." మాస్కు తీసి బల్ల మీద పెట్టేసింది.

ఇన్‌స్పెక్టర్ విచారిస్తానంటూ జారుకున్నాడు. కాంట్రాక్టర్ మాస్కు ఎత్తి నా దగ్గరికొచ్చాడు. "నీకు దీని మీద ఎప్పట్నుంచో కన్నుంది. ఇవాళ్టినుంచి నీదే. మిషన్ ఆన్ చెయ్యి."

అబద్ధమెందుకు, చెయ్యి లాగింది. తీసుకున్నాను. అద్దం ఎంత తేటగా ఉందో! పొడుగు బాబాయ్ మొహం గుర్తొచ్చింది. మాస్కు తీసుకెళ్ళి వాడి నెత్తికే తగిలించాను. "ఉంచుకో బాబూ. ఇకమీదట నీ మొహానికే అవసరం పడేట్టుంది," అన్నాను. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఒక్కరూ స్విచ్ జోలికి పోలేదు.

కాంట్రాక్టర్ ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. అందర్నీ రెచ్చగొట్టిందని మా తోడికోడల్ని వ్యాను ఎక్కించారు. నా కుళ్ళు మళ్ళీ భగ్గుమంది. "ఇందులోనూ ముందు అదేనా? పెద్దకోడల్ని నేనింకా చావలేదు!" అంటూ ఎక్కేశాను. వెనకాలే వెల్డర్, పెయింటర్, మేస్త్రి.

"దిగండి, చోటు లేదు!" అన్నాడు పోలీసు.

"ఇంకో వ్యాను తెప్పించండి!" అన్నారు కింద మిగిలినవాళ్ళు.

మమ్మల్ని సాయంత్రానికి వదిలేశారు. దాన్ని వదల్లేదు. క్షమాపణ చెబితే పంపిస్తామంటే, నేను చెప్పను పొమ్మందట. అది లోపల అలా నిలబడి ఉంటే, నేను బయట మాటలు చెబుతున్నానని ఇప్పుడూ నాకు కుళ్ళే. షెడ్డులో మాత్రం ఒక్క మిషనూ తిరగడం లేదు. రేపు మీ షెడ్లలో స్విచ్ వేసేముందు గార్డుందో లేదో చూసుకోండి. మీదొక్కటే కాదు, పక్కవాళ్ళది కూడా చూడండి. లేకపోతే స్విచ్ వెయ్యకండి.