నీలి పెంకు

నిన్యన్ వైలీ ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లలో ఎడమ కాలిదాన్ని పొయ్యి పక్కన స్టూలు మీద బోర్లించి, మోకాలి దగ్గర పడిన చిల్లు మీద రబ్బరు ముక్కను బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. జిగురు ఆరేదాకా వేలు తీయకూడదు. ఆ వేలికి గోరు సగమే ఉంది. రొయ్యల షెడ్డులో మరిగే బాన అంచు తగిలి ఊడిపోయిన గోరు మళ్ళీ పూర్తిగా రాలేదు. రెండో చేత్తో ఓట్స్ జావ కలుపుతున్నాడు. జావలో ఉప్పు తప్ప ఏమీ వేసుకోడు. భార్య ఎల్స్‌పెత్ ఉన్నన్నాళ్ళూ మీగడ వేసేది, వద్దన్నా వేసేది. ఇప్పుడు వద్దని చెప్పడానికైనా ఎదురుగా మనిషి లేదు.

"ఆగవమ్మా, వస్తున్నా" అన్నాడు ఈల వేస్తున్న కెటిల్‌తో.

పొద్దున్నే లేచాక అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. వలకు వెళ్ళని రోజుల్లో అదే చివరి మాట కూడా.

అతని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బడి మానేసిన దగ్గర్నుంచి షెడ్డు మూతపడేదాకా రొయ్యలు ఉడకబెట్టాడు. అతని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. మూసేసిన రోజున పనివాళ్ళందరికీ తలా ఒక సంచి రొయ్యలిచ్చి పంపారు. జీవితమంతా రొయ్యల ఆవిరి పీల్చినవాడికి రొయ్యలే బహుమానం. అతను వాటిని తెచ్చి వీధి పిల్లులకు పోశాడు. పిల్లలు లేరు. ఎల్స్‌పెత్ పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది వేసవిలో ఆనన్ నది, ఆ నదిలో వరస.

మా నదిలో సాల్మన్‌ను పట్టే పద్ధతి ఒంటరిగా చేసేది కాదు. నది సముద్రంలో కలిసే చోట, పోటు నీళ్ళకు ఎదురుగా, మనుషులు ఒడ్డు నుంచి లోతు దాకా ఒక వరసలో నిలబడతారు. ఒక్కొక్కడి చేతిలో మూడు నిలువుల పొడవైన దూలం, దానికి మూడు కాళ్ళు, వెనక సంచిలా వేలాడే వల. ఒకడి దూలం కొస పక్కవాడి దూలం కొసకు తగలాలి. నీళ్ళు పెరిగి లోతు చివర ఉన్నవాడి ఛాతీ దాకా రాగానే, అతను దూలం ఎత్తుకుని వరస వెనకగా నడిచి ఒడ్డు చివరకు వచ్చి నిలబడతాడు. తరవాత అతని పక్కవాడు. అలా ఒక్కొక్కరూ తిరిగొస్తుంటే వరస మెల్లగా ఒడ్డుకు జరుగుతుంటుంది. నిలబడ్డంతసేపూ పని తక్కువ, మాటలు ఎక్కువ. బంగాళాదుంపల పంట మొదలుకుని కోడలి కర్టెన్ల దాకా అన్నీ అక్కడే తేలతాయి.

నిన్యన్ వారమంతా మాట్లాడే మాటలు అక్కడ మాట్లాడేవే. అయితే కిందటి వేసవిలో ఒకసారి లోతు చివర కాలు జారి, బూట్లలోకి నీళ్ళు వచ్చి, వరసలోని గిబ్ ఇర్వింగ్ అతన్ని కాలరు పట్టుకుని లాగితే బయటపడ్డాడు. అప్పట్నుంచీ అదృష్టం మొహం చాటేసింది. చోట్లకు తీసే చీటీలో ప్రతిసారీ ఒడ్డు చివరి చోటే. అక్కడ చేప పడేది తక్కువ. దానికి అతను పెద్దగా బాధపడలేదు. కానీ ఒడ్డు చివర నిలబడినవాడికి పక్కన ఒక్కడే ఉంటాడు. రెండో పక్క బురద. పైగా అతను లోతుకు చేరే వంతు రాకముందే, "పోటు బలంగా ఉంది, చాలు పదండి" అని గిబ్ కేకేసేవాడు.

జావ తాగి, బూట్లు భుజాన వేసుకుని గట్టు మీద నడుచుకుంటూ పోయాడు. జూన్ నెల మొదట్లో గట్టు పక్క గడ్డి తడిగా, పొడుగ్గా ఉంది. సన్నటి తుంపర పడుతోంది. వరసలోని మిగతావాళ్ళంతా నది ఒడ్డున వలల గుడిసె దగ్గరికి ముందే చేరారు. గిబ్ బొటనవేలికి కట్టు కట్టుకుని ఉన్నాడు.

"తలుపులో పెట్టి మూసుకున్నానన్నా. నా వ్యాను నన్నే కరిచింది" అన్నాడు.

"ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది పాపం" అన్నాడు డేవీ బెల్. డేవీ మోకాళ్ళు అరిగిపోయాయి కానీ నాలుక ఇంకా అరగలేదు.

చీటీ అంటే మాకు కాగితం కాదు. ఎవరి గుర్తు వాళ్ళది. గిబ్‌ది ఇత్తడి బొత్తాం, డేవీది గుర్రపు పన్ను. నిన్యన్‌ది నీలం గీత ఉన్న పింగాణీ పెంకు. పెళ్ళయిన కొత్తలో పళ్ళెం పగలగొట్టి, పిల్లి పడేసిందని ఎల్స్‌పెత్‌తో చెప్పాడు. వాళ్ళింట్లో పిల్లి లేదు. ఆ మాటకు ఆమె ఎంతసేపు నవ్విందో అతనికి ఇంకా గుర్తుంది. గుర్తులన్నీ గుడిసెలో ఒక పొగాకు డబ్బాలో ఉంటాయి. వాటిని టోపీలో పోసి, మొహం నది వైపు తిప్పుకుని ఒక్కొక్కటే తీసి చెక్క మీద వరసగా పెడతారు. ముందు వచ్చినవాడిది లోతు చివర, ఆఖరున వచ్చినవాడిది ఒడ్డు చివర. తీసేవాడు తప్ప ఒకరి గుర్తును ఇంకొకరు ముట్టుకోరు. ఎవరిది వాళ్ళే తిరిగి డబ్బాలో వేసి నీళ్ళలోకి దిగుతారు. టోపీ పట్టేది ఎప్పుడూ గిబ్బే.

ఆ రోజు గిబ్ కట్టు సరిచేసుకోవడానికి గుడిసె వెనక్కి వెళ్ళాడు. ఆలస్యమవుతోందని, ఈ ఏడే వరసలో చేరిన కీత్ లైడ్లా డబ్బాను టోపీలో వంచి, మొహం తిప్పుకుని తీయడం మొదలుపెట్టాడు. పన్ను వచ్చింది, బొత్తాం వచ్చింది, తక్కినవన్నీ వచ్చాయి. చివరికి టోపీ అడుగు తడిమి చూశాడు.

"నిన్యన్ గారిది లేదండీ. డబ్బాలోనే లేదనుకుంటా. ఇక్కడెక్కడైనా పడిందేమో" అంటూ కీత్ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని వెతకసాగాడు.

ఇంకెవరూ వంగలేదు. వస్తువు పోతే ఎవరైనా కిందికి చూస్తారు. వీళ్ళంతా తలెత్తి ఆకాశంలోకో నదిలోకో చూస్తున్నారు. ఏం జరిగిందో నిన్యన్‌కు అప్పుడు అర్థమైంది.

గిబ్ గుడిసె పక్క నుంచి వచ్చి, కీత్ చేతిలో టోపీ చూసి ఆగిపోయాడు. కాసేపటికి కోటు లోపలి జేబులోంచి నీలి పెంకు తీశాడు.

"చెడ్డ ఉద్దేశంతో కాదన్నా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పడ్డ దగ్గర్నుంచి. డబ్బాలోంచి ముందే తీసి దాచి, ఆఖరున వచ్చినట్టు పెట్టేవాణ్ణి."

"వాడొక్కడి మీదా పెట్టకు" అన్నాడు డేవీ. "అందరం అనుకునే చేశాం."

నిన్యన్ ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. అందరం అనుకున్నాం. ఏ సాయంత్రమో పబ్బులో కూర్చుని తన కాళ్ళ గురించి, తన వయసు గురించి వీళ్ళంతా మాట్లాడుకున్నారు. ఆ సమయంలో తను ఇంట్లో కెటిల్‌తో మాట్లాడుతూ ఉండి ఉంటాడు. మోసం కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది. తనకు ఈ వరస తప్ప ఎవరూ లేరని వీళ్ళకు తెలుసు. తెలిసే దాని అంచుకు జరిపి పెట్టారు.

"నాతో ఒక్కడైనా అనుండాల్సింది" అన్నాడు. "దిగలేవు, ఇంటికి పో అంటే పోయేవాణ్ణి. తిట్టుకుంటూనే పోయేవాణ్ణి."

నిన్యన్ టోపీ వైపు వేలు చూపాడు.

"ఒకటి తక్కువైన తీత చెల్లదు. అన్నీ వేసి మళ్ళీ తీయండి. నా చోటు చీటీ ఇవ్వాలి, మీరు కాదు. కాదంటారా, నా దూలం ఇక్కడే పడేసి పోతాను. మళ్ళీ ఈ గట్టెక్కను."

గిబ్ పెంకును టోపీలో వేశాడు. అది పడిన చప్పుడు అందరికీ వినబడింది. కీత్ మళ్ళీ మొహం తిప్పుకున్నాడు. ఒక్కొక్కటే వస్తోంది. నిన్యన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆఖరిది తీసే ముందే కీత్ గొంతు తగ్గిపోయింది.

"ఒడ్డు చివర... నిన్యన్ గారే."

ముందు డేవీకి నవ్వు ఆగలేదు. తరవాత నిన్యన్ కూడా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

"చూశావా గిబ్బూ. ఏడాది పాటు ఆ పెంకును ఊరికే మోశావు."

నీళ్ళలో దిగి తన చోట నిలబడ్డాడు. నిన్నటి చోటే, నిన్నటి బురదే. అయినా ఇవాళ అది చీటీ ఇచ్చిన చోటు. నీళ్ళు మోకాలు దాటాయి. వల కళ్ళలో వేళ్ళు పెట్టి చేప తాకిడి కోసం చూస్తూ, పక్కనున్న కీత్‌కు వల ఎలా ఆరబెడితే కుళ్ళదో చెప్పాడు. పోటు పెరిగింది. లోతు చివర నుంచి డేవీ దూలం ఎత్తుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ వచ్చి నిన్యన్‌కు రెండో పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు ఇటూ మనిషి, అటూ మనిషి. నిన్యన్ ఒకసారి అటు తిరిగి, ఒకసారి ఇటు తిరిగి మాట్లాడాడు. చాలాకాలంగా దాచుకున్న చిన్నచిన్న కబుర్లన్నీ బయటికి వచ్చాయి. పక్కింటామె గోడకు వేసిన రంగు గురించి కూడా చెప్పాడు.

ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. గిబ్ వంతు వచ్చి, అతనూ వెనకగా నడిచి వచ్చాడు. సరిగ్గా ఆ సమయానికే ప్రతిరోజూ అతను కేకేసేది. గిబ్ నోరు తెరిచాడు. నిన్యన్ అతని వంక చూశాడు. గిబ్ నోరు మూసుకుని దూలం నిలబెట్టాడు.

చివరికి కీత్ కూడా కదిలిపోయాడు. ఒకప్పుడు ఒడ్డు చివరైన చోటు ఇప్పుడు లోతు చివర. నిన్యన్ ఛాతీ మీద నీళ్ళు బరువుగా నొక్కుతున్నాయి. కాళ్ళ కింద ఇసుక కొద్దికొద్దిగా కరిగిపోతోంది. అతనికి భయం వేసింది, సంతోషమూ వేసింది. ఆ రెండూ ఒకేసారి కలిగి ఎన్నేళ్ళయిందో.

వల గట్టిగా కొట్టుకుంది. వేళ్ళకు తెలియగానే దూలాన్ని వెనక్కి వాల్చాడు. మూడు కాళ్ళూ పైకి తేలాయి, వల సంచి మూసుకుంది. లోపల వెండి రంగు ఒళ్ళు ఒకసారి మెలి తిరిగింది. మెడకు వేలాడుతున్న కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. చేప చాలా బరువుంది. దాన్ని సంచిలో వేసుకుని, దూలం భుజానికెత్తుకుని, వరస వెనకగా ఒడ్డు వైపు నడక సాగించాడు. ఆ నడక చాలాసేపు పట్టింది. ఎవరూ తల తిప్పలేదు, ఎవరూ చెయ్యి అందించలేదు. అతనికి కావలసిందీ అదే. గిబ్ మాత్రం అతని అడుగుల చప్పుడు వింటూ పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాడు.

నిన్యన్ వచ్చి తన దూలం కొసను పక్కవాడి కొసకు ఆనించాక, గిబ్ అన్నాడు: "ఇక చాలు, పదండి."

ఒడ్డున చేపను గడ్డి మీద పెట్టి తడి గోనె కప్పారు. నిన్యన్ బూట్లు విప్పకుండానే గుడిసె గోడకు ఆనుకుని బల్ల మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది, కళ్ళలో మాత్రం నవ్వుంది.

"రేపటి పోటుకి వస్తావా అన్నా?" అడిగాడు గిబ్.

"డబ్బాలో నా పెంకు ఉంటే వస్తాను."

"ఉంటుంది. నేను ముట్టుకోను."

వాళ్ళు నీళ్ళ దగ్గరికి వెళ్ళి వలలు కడుక్కున్నారు. అతని వల కూడా కీత్ కడిగాడు. డేవీ ఏదో అంటే అందరూ నవ్వారు. బల్ల మీది నుంచి బదులు రాలేదు. గిబ్ వచ్చి చూసేసరికి నిన్యన్ తల కొంచెం పక్కకు వాలి ఉంది. సగం గోరున్న బొటనవేలు ఎడమ మోకాలి మీది రబ్బరు అతుకును ఇంకా అదిమిపట్టి ఉంది. గిబ్ అతని పక్కన కూర్చున్నాడు.

నిన్యన్‌ను పూడ్చేదాకా ఎవరూ నదిలో దిగలేదు. చర్చిలో ముందు బెంచీల్లో కూర్చోవడానికి చుట్టాలు లేకపోతే వరసవాళ్ళే కూర్చున్నారు.

ఆ తరవాత మొదటి పోటుకు మళ్ళీ గుడిసె దగ్గర చేరారు. గిబ్ డబ్బా తెరిచి, ఎప్పటిలాగే టోపీలో వంచేశాడు. అందులో ఏముందో అందరికీ తెలుసు. తీసేయమని ఎవరూ అనలేదు. గిబ్ నది వైపు తిరిగి ఒక్కొక్కటే తీసి చెక్క మీద పెట్టసాగాడు. నాలుగోది వేళ్ళకు తగలగానే ఆగాడు. తరవాత దాన్నీ తీసి పెట్టాడు.

"నిన్యన్. నడుమ చోటు."

"మళ్ళీ తీద్దామా?" అడిగాడు కీత్ మెల్లగా.

"అన్నీ ఉన్న తీత. చెల్లుతుంది" అన్నాడు డేవీ. ఆ రోజు అతను అన్న మాట అదొక్కటే.

ఎవరి గుర్తు వాళ్ళు డబ్బాలో వేసి నీళ్ళలోకి దిగారు. గిబ్‌కూ కీత్‌కూ మధ్య ఒక దూలమంత ఖాళీ వదిలి, అటు కొందరు ఇటు కొందరు నిలబడ్డారు. పోటు నీళ్ళు ఆ ఖాళీలోంచి ఏ అడ్డూ లేకుండా పోతున్నాయి. అక్కడి నుంచి చేపలు ఎన్ని పోయాయో ఎవరూ చూడలేదు. గుడిసె ముందు చెక్క మీద, తుంపరకు తడుస్తూ, నీలం గీత పైకి తిరిగి ఆ పెంకు ఒక్కటే ఉంది.