చంథాకు రాని అక్షరాలు

ఆరు నెలల్లో ఎన్నోసారో, ఆమోసు నల్లబల్ల మీద మళ్ళీ ఇంగ్లీషు 'ఎ' రాశాడు. చంథా పెన్సిల్‌ను గరిటెలా పిడికిట పట్టుకుని కాగితం మీద ఓ వంకర గీత గీసింది. అతని చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

అది ఎనభైమూడు మార్చి. అమెరికాలోని ట్రాయ్‌లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడిచే ఆ చిన్న సంస్థ, కంబోడియా నరమేధంలో చావు తప్పించుకుని వచ్చిన ఆడవాళ్ళకు కుట్టుపనీ చదువూ నేర్పేది. గుంటూరు హైస్కూల్లో ఇరవయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పిన ఆమోసును ఈ దేశం గోదాము కాపలాకు పెట్టింది. భార్య లూసీ పోయాక, అతన్ని మళ్ళీ 'టీచర్' అని పిలిచింది ఈ బేస్‌మెంటే.

సంస్థను నడిపే తెలుగావిడ దెబోరా తలుపులోంచి తొంగిచూసింది.

"అన్నయ్యగారూ, ఇన్నాళ్ళు గోడకి చెప్పుంటే గోడైనా పాసయ్యేది. ఇవాళ టెస్ట్‌లో ఫెయిలైతే చంథాకి కుట్టు ఫ్యాక్టరీలో జాబ్ రాదు. ఆమె సీట్ కూడా వేరేవాళ్ళకి ఇచ్చేస్తా."

"సాయంత్రం దాకా ఆగమ్మా."

మధ్యాహ్నం భోజనాలకు అందరూ పైకి బయలుదేరారు. మెట్ల దగ్గర ఎవరో ఇంగ్లీషులో చీటీ అంటించారు: మెట్లు తడి, వెనక తలుపున వెళ్ళండి. ఇంకా కూడబలుక్కోవడమైనా రాని మిగతా అయిదుగురూ ఆ మెట్లే ఎక్కారు. చంథా ఒక్కతే చీటీ ముందు ఆగి, వెనక తలుపు వైపు తిరిగింది.

ఆమోసులో ఆరు నెలల విసుగు ఒక్కసారిగా పొంగింది.

"నీకు చదువొచ్చు! ఇన్నాళ్ళూ నన్ను ఆడించావా?" అని అందరి ముందూ ఇంగ్లీషులో అరిచాడు.

చంథా చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. మెట్ల మీంచి ఒక ముసలమ్మ దిగివచ్చి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది.

"టీచర్, అక్కడ చదువొస్తే చంపేస్తారు. ఈమె భర్త, కళ్ళజోడు ఉందని... చంపేశారు. ఈమె బళ్ళో ఇంగ్లీషు పంతులమ్మ. రాదు, రాదు అని బతికింది."

ఆ చంపినవాళ్ళు అడిగిన ప్రశ్నే, వాళ్ళు అడిగినట్టే, ఆమోసు నలుగురిలో అడిగాడు.

ముసలమ్మ ఇద్దరికీ చెరో గిన్నెలో వేడన్నం పెట్టింది.

పరీక్ష వేళకు అతను చంథా బల్లను మూలకు జరిపి, ముందు కాగితం పెట్టి, తాను గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గంట తర్వాత చూస్తే కుర్చీ ఖాళీ.

"కాలిఫోర్నియాలో చుట్టాలున్నారు. అక్కడికి పోయింది. ఇక రాదు," అంది ముసలమ్మ.

బల్ల మీద కాగితం ఉంది. ఇరవై ప్రశ్నలకూ ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబులు, ఒక్క తప్పు లేదు. పేరు రాయవలసిన గీత మీద మాత్రం ఏమీ లేదు.