వాపసు వస్తుందన్న మెయిల్

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. గోదావరిఖనిలో బొగ్గు బావులు మూతబడ్డాయి. కార్మికులంతా పొద్దస్తమానం చౌరస్తాలో వేసిన టెంటు కిందే ఉంటున్నారు. కాలనీ ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పే యమున కూడా తన సెంటరుకు తాళం వేసి, వంట కాగానే అక్కడికే పోతోంది. ఆమె భర్త సదానందం బావిలో పనిచేస్తాడు. టెంటులో మైకు ఎక్కువగా అతని చేతిలోనే ఉంటుంది.

ఆ పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుండగా గేటు దగ్గర నాగేశ్వరి కనిపించింది.

నాగేశ్వరి భర్త చక్రపాణి కంపెనీలో ఇంజినీరు. వాళ్లది ఏలూరు వైపు. ఆమె కంప్యూటర్ నేర్చుకున్నది యమున దగ్గరే. క్లాసు అయిపోయినా కబుర్లు తెగేవి కావు. సమ్మె మొదలయ్యాక మాత్రం మాటలు ఆగిపోయాయి. గొడవేమీ జరగలేదు. ఒకరోజు కూరగాయల మార్కెట్లో ఎదురుపడినప్పుడు ఏం మాట్లాడాలో తోచక యమున తల పక్కకు తిప్పుకుంది. నాగేశ్వరి కూడా అదే చేసింది. అంతే.

"యమున గారూ, తప్పు చేశానేమో అనిపిస్తోంది. మీరు తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు" అంది నాగేశ్వరి. చీర కొంగు తడిసిపోయేలా చెమటలు కక్కుతోంది.

"ముందుగాల లోపటికి రార్రి అక్కా. కూసోని చెప్పుర్రి" అని యమున చెప్పులు విడిచేసింది.

నాగేశ్వరి గబగబా చెప్పుకొచ్చింది. ఆదాయపు పన్ను వాపసు వస్తుందని పొద్దున మెయిల్ వచ్చింది. అందులోని లింకు నొక్కితే బ్యాంకుల పేర్లు కనిపించాయి. తమ బ్యాంకు పేరు నొక్కింది. రోజూ చూసే పేజీయే, అదే రంగు, అదే బొమ్మ. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టేసింది. ఆ తరువాత ఆ పేజీ ఏటీఎం కార్డు నంబరు, పిన్ను అడిగింది.

"డబ్బు ఇచ్చేవాళ్లకు నా పిన్నెందుకు అనిపించి అక్కడ ఆపేశాను. ఆయన మీటింగుకని హైదరాబాదు వెళ్లారు, ఫోను ఎత్తడం లేదు. ఇంతలో ఇది వచ్చింది చూడండి."

యమున ఆమె ఫోను తీసుకుని చూసింది. మీ ఖాతా నుంచి డబ్బు పంపడానికి కొత్త పేరు చేర్చాలంటే ఈ నంబరు వాడండి, ఎవరికీ చెప్పకండి అని బ్యాంకు పంపిన సందేశం అది. సంగతి ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. ఏం చెయ్యాలో కూడా వెంటనే తోచింది.

"మీరు కొట్టిన పాస్‌వర్డ్ ఎవనికో దొరికింది అక్కా. వాడు గిప్పుడు మీ అకౌంట్ల జొర్రిండు. ఫికర్ చెయ్యకుర్రి, గీ నంబరు లేకుంటె పైసలు గుంజలేడు."

ఆమె మాట పూర్తికాకముందే ఫోను మోగింది. తెలియని నంబరు. నాగేశ్వరి చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. యమునే ఎత్తింది. అవతల ఒక మగ గొంతు హిందీలో, మహా మర్యాదగా మాట్లాడింది. బ్యాంకు నుంచి చేస్తున్నాడట. ఫోనుకు వచ్చిన నంబరు చెబితే పన్ను వాపసు జమ అవుతుందట.

"ఏ బ్రాంచి నుంచి సార్?" యమున కూడా హిందీలోనే అడిగింది.

"హెడ్డాఫీసు, మేడం. టైం లేదు. చెప్పకపోతే మీ ఖాతా మూసేస్తారు."

"మీకెందుకు శ్రమ, మేమే మూయిస్తున్నాం" అని ఆమె ఫోను పెట్టేసింది.

నాగేశ్వరికి నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నా నంబరు వాడికెలా తెలిసింది?"

"మీ అకౌంట్ల రాసుంటది గద, దాన్ల జూసిండు. మల్ల చేసినా ఎత్తకుర్రి."

యమున తన కంప్యూటర్ వేసింది. నాగేశ్వరి మెయిల్ తెరవబోతే వారించింది.

"ఆ లింకు ముట్టద్దు. బ్యాంకు అడ్రసు మనమే టైపు చెయ్యాలె. పేజీ అచ్చం గట్లనే చేస్తరు అక్కా. అడ్రసు మాత్రం కలవది. ఎప్పుడైన పైన గదే సూడాలె."

బ్యాంకు అసలు పేజీ తెరుచుకుంది. పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోంది. నాగేశ్వరి చేతనే కొత్తది పెట్టించి, తను మొహం అటు తిప్పుకుంది. డబ్బు అలాగే ఉంది. ఆ తరువాత కార్డు వెనకాల అచ్చువేసిన నంబరుకు ఫోను చేయించింది. అవతలి మనిషి ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేసి, బ్రాంచికి వెళ్లి ఫిర్యాదు రాసివ్వమన్నాడు.

ఆటోలు తిరగడం లేదు. నడిచే వెళ్లాలి. వెళ్లే దారి టెంటు ముందు నుంచే. నాగేశ్వరి గేటు దగ్గర ఆగిపోయింది.

"వాళ్లంతా ఉంటారు కదా. నేను చుట్టూ తిరిగి వస్తానులెండి."

"ఎందుకు తిరుగుడు? నాతోని రార్రి" అని యమున ఆమె చెయ్యి పట్టుకుంది. మార్కెట్లో తల తిప్పుకున్నప్పటి నుంచీ లోపల గుచ్చుతున్నదేదో ఆ పట్టుతో కాస్త సద్దుమణిగింది.

టెంటులోని వాళ్లంతా ఇటు తిరిగి చూశారు. సదానందం లేచి ఎదురొచ్చాడు.

"ఏమైంది యమునా? ఎటు వోతున్రు?"

ఆమె నాలుగు ముక్కల్లో చెప్పింది. వింటున్న వాళ్లలోంచి సదయ్య లేచాడు. అతను సదానందంతో కలిసి పనిచేసే పెద్దాయన.

"బిడ్డా, గసొంటి మెయిలే మా అల్లునికి గూడ ఒచ్చింది. జీతాలు లేని దినాలల్ల టాక్స్ వాపసు ఒస్తదని ఖుషీ అయినం. ఇయ్యాల నెట్ సెంటర్ల నింపుతనన్నడు."

"జల్ది ఫోను చెయ్యి కాకా, ఆపు!" అంది యమున.

సదయ్య అక్కడే నిలబడి ఫోను చేశాడు. అల్లుడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. అందరికీ చెప్పమని సదానందం మైకు తెచ్చి భార్య చేతికిచ్చాడు. యమున నాగేశ్వరి వైపు చూసింది. నాగేశ్వరి ఒక్క క్షణం తటపటాయించి, తనే మైకు అందుకుంది.

"నేను చక్రపాణి గారి భార్యని. ఈ పొద్దున నేనే మోసపోయాను" అని మొదలుపెట్టింది. యాస వినగానే వెనక వరుసల్లో ఎవరో ఏదో అన్నారు. "సప్పుడు చెయ్యకుర్రి, ఇననియ్యుర్రి" అని ముందు వరుసలోని ఐలవ్వ గద్దించింది. నాగేశ్వరి ఏమీ దాచకుండా చెప్పింది, తను నొక్కిన లింకు, కొట్టిన పాస్‌వర్డ్, వచ్చిన ఫోను అన్నీ. యమున మిగతాది అందుకుంది.

"బ్యాంకోల్లు పాస్‌వర్డ్ అడగరు, పిన్ను అడగరు, ఫోనుకొచ్చిన నంబరు అడగరు. అడిగెటోడు ఎవడైన దొంగే. బెదిరిస్తె ఇంకా పెద్ద దొంగ. ఆల్రెడీ చెప్పిన్రనుకో, సిగ్గుపడకుంట బ్యాంకుకు ఉరుకుర్రి. గీ అక్క ఊకుంటె ఈ పాటికి అకౌంటు ఖాళీ అయితుండె."

బ్యాంకులో మేనేజరు ఫిర్యాదు తీసుకున్నాడు. ఖాతాలో కొత్త పేరును ఎవరో చేర్చబోయిన సంగతి ఆయన కంప్యూటర్లో కనిపించింది. అది సగంలోనే ఆగిపోయి ఉంది. దాన్ని రద్దు చేయించాడు. మెయిల్‌ను బ్యాంకుకు ఎక్కడికి పంపాలో చెప్పి, పోలీస్ స్టేషనులో కూడా ఒక కాగితం ఇమ్మన్నాడు. ఒక్క రూపాయి కూడా పోలేదు.

బయటికి వచ్చేసరికి చక్రపాణి ఫోను చేశాడు. నాగేశ్వరి జరిగిందంతా తడబడకుండా చెప్పింది. "యమున ఉంది కదండీ, అన్నీ చేసేశాం" అంది. ఆమె నోట 'గారు' జారిపోయింది. యమున ఆ సంగతి గమనించి చిన్నగా నవ్వుకుంది.

"పొద్దుగాల్నించి ఏం తినలేదు గద అక్కా. టెంటు కాడ అన్నం వండుతున్రు. నడువుర్రి, తినిపోదురు."

"అక్కడా? నేనా?"

"మైకుల మాట్లాడెటప్పుడు లేని భయం గిప్పుడేంది?"

నాగేశ్వరి కొంగు సర్దుకుని ముందు నడిచింది.