నవ్వే బొమ్మ మీద వేలు

మా బందరు ఆసుపత్రిలో నేను పిల్లల డాక్టరుని. నొప్పికి మార్ఫిన్ ఏ పిల్లలకు ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వడం లేదు, ఎందుకు అని చూసే పని ఈమధ్యే నాకు అప్పగించారు. "మా వార్డులో అందరూ సమానమేనండీ రెబెకా గారూ," అని నర్సు సువర్ణ ముందే చెప్పేసింది. అడక్కముందే అలా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పక్కపక్క మంచాల మీద ఇద్దరు ఆడపిల్లలు. గుడివాడ లాయరు గారి అమ్మాయి భార్గవి కాలిమీద సాంబారు ఒలికింది. గిలకలదిండి నుంచి వచ్చిన రోజా కాలిమీద వార్చే గంజి పడింది. ఇద్దరికీ ఏడేళ్లు, గాయాలూ ఒకలాంటివే. కట్టు మార్చేముందు భార్గవికి మార్ఫిన్ ఇచ్చారు. రోజాకు పారాసిటమాల్ సిరప్‌తో సరిపెట్టారు.

ఇదేమిటని అడిగాను. నొప్పి ఎంతుందో చూపించమని నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలున్న అట్ట ఇస్తే, రోజా ఎప్పుడూ నవ్వే బొమ్మ మీదే వేలు పెడుతోందట.

"అడగందే అమ్మయినా పెట్టదు కదండీ. పైగా సముద్రం మీద బతికేవాళ్ల పిల్లలు, మొండి ప్రాణాలు," అంది సువర్ణ.

నేను రోజా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కట్టు ఊడదీస్తుంటే పిల్ల నవ్వుతూనే ఉంది. నాడి మాత్రం లెక్కకు అందకుండా కొట్టుకుంటోంది. జుట్టంతా చెమటతో తడిసిపోయింది. ఆపమని అరిచాను.

"అరవమాకండమ్మా, పిల్ల ఓర్చుకుంటది," అంది మంచం పక్కనే ఉన్న రోజా నానమ్మ పెద్దింట్లమ్మ. కొడుకు పోలయ్య బోటు మీద వేటకు వెళ్లాడట. మగవాడు నీళ్ల మీద ఉండగా ఇంటివాళ్లు ఏడవకూడదని వాళ్ల ఆనవాయితీ. ఆ మాట మనవరాలికి దారిలోనే గట్టిగా చెప్పి తీసుకొచ్చిందట. ఏడుపు బొమ్మను ముట్టుకోవడానికి కూడా ఆ పిల్ల భయపడింది. మేము ఆ వేలిని చూసి మందు ఆపాం.

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. మార్ఫిన్ రాశాను. సువర్ణ తెచ్చి ఇచ్చింది. కాసేపటికి రోజా పిడికిలి వదులైంది. కళ్లు మూతలు పడుతుండగా నా కొంగు పట్టుకు లాగింది.

"డాక్టరమ్మా, మొన్న దుప్పట్లో కొంచెం ఏడ్చాను. నాన్నకేం కాదు కదా?"

ఏమీ కాదని, ఏడవాలనిపిస్తే ఏడవమని చెప్పాను. నా మాట నమ్మలేక నానమ్మ వైపు చూసింది. పెద్దింట్లమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.